పదకొండుమందిని ఒక జట్టు చేసిన మాస్టారు

మన ఉస్మానియాలో చదివి, విశ్వవిద్యాలయం జట్టుకే ఫుట్‌బాల్ ఆడి, తరువాత భారతదేశానికి రెండుసార్లు ఆసియా క్రీడల స్వర్ణపతకం తెచ్చిపెట్టిన ఒక బడిపంతులుగారి పేరు అడిగితే మొన్నమొన్నటిదాకా మనలో చాలామంది తడుముకునేవారు. 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చాక సయ్యద్ అబ్దుల్ రహీం అన్న పేరు కాస్త వినపడుతున్నది. సంతోషమే. అయితే సినిమా చూసి వచ్చిన కుర్రవాళ్ళు గెలుపు గురించి మాట్లాడతారు గాని, ఆ గెలుపుకు ముందు ఇరవై ఏళ్ళపాటు హైదరాబాదు మైదానాల్లో జరిగిన పని గురించి మాట్లాడరు. ఆ పని గురించే నాలుగు మాటలు రాయాలని నా కోరిక.

రహీం సాహెబు 1909లో హైదరాబాదులోనే పుట్టారు. చదువు పూర్తిచేసి ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు. కాచిగూడ మిడిల్ స్కూల్లోనూ, చాదర్‌ఘాట్ హైస్కూల్లోనూ పనిచేశారు. వ్యాయామవిద్యలో డిప్లొమా కూడా పొంది, బడిపిల్లల ఆటల బాధ్యత తన మీద వేసుకున్నారు. 1940 దశకం మొదట్లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యత విడవలేదు. పేరు ఎంత పెద్దదైనా, మనిషి చివరిదాకా మాస్టారే. పిల్లవాడికి పాఠం ఎలా వంటబడుతుందో తెలిసిన మాస్టారు.

ఆయన కుర్రవాళ్ళకు పెట్టిన పోటీలు చూడండి. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగిలిందంటే వెంటనే తోటివాడికి అందించవలసిందే. ఇంకొక పోటీలో అలవాటున్న కాలితో తన్నకూడదు. కుడికాలివాడు ఎడమకాలితోనే ఆడాలి. మరొక పోటీకి ఎత్తు చూసి పిల్లలను చేర్చుకునేవారు, బలిసిన కుర్రవాడు చిన్నవాళ్ళను తోసేసి గెలవకుండా. పైకి ఇవి తమాషా నిబంధనల్లాగే కనిపిస్తాయి. కాని ఐకమత్యం గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా రాని గుణం ఈ నిబంధనలవల్ల వస్తుంది.

ఇది పుస్తకాలు చదివి చెప్పే మాట కాదు. నేను సాయంత్రాలు మా పేటలో పది, పన్నెండేళ్ళ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంటాను. ప్రతి గుంపులోనూ ఒక మొనగాడుంటాడు. బంతి దొరికితే ఇక వదలడు. ముగ్గురిని దాటిస్తాడు, నాలుగోవాడి దగ్గర పోగొట్టుకుంటాడు. మిగతా పిల్లలు కొన్నాళ్ళకు పరుగెత్తడమే మానేస్తారు. ఎలాగూ బంతి రాదని తెలిశాక ఎందుకు పరుగెత్తాలి? నేను రహీం సాహెబు పద్ధతి తీసుకుని వారానికొకరోజు ఎడమకాలి ఆట పెట్టాను. ఆరోజు మొనగాడూ మామూలువాడే. వాడికీ సాయం కావాలి, పక్కవాణ్ణి పేరు పెట్టి పిలవాలి. అంతవరకు గోడవారన నిలబడ్డ పిల్లవాడికి మొదటిసారి బంతి అందుతుంది. అందిన బంతిని వాడు ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో చూస్తే తప్ప నమ్మలేరు. జట్టు అంటే అక్కడ మొదలవుతుంది.

1950లో రహీం సాహెబు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ చేపట్టారు. ఆ ఏడు మొదలుకొని 1954 వరకు వరసగా ఐదుసార్లు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. డ్యూరాండ్ కప్పు 1950, 1954, 1957లలో తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో 1961లో మరోసారి తెచ్చింది. కలకత్తాలోని పెద్ద క్లబ్బులకున్న డబ్బుగాని, వేలాది అభిమానుల అండగాని ఈ జట్టుకు లేవు. ఉన్నదల్లా ఒకరి ఆట ఒకరికి తెలియడం, బంతి నిలపకుండా అందించుకోవడం, పొద్దున్నే లేచి పరుగెత్తే అలవాటు.

జాతీయ జట్టుకు కూడా ఆయనే కోచ్. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్ మీద మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో పరాభవం ఎదురైంది. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయాం. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. అటువంటి ఓటమి తరువాత జట్టు చీలిపోవడం లోకసహజం. తప్పు నీదంటే నీదని దెప్పుకుంటారు, కోచ్ ఆటగాళ్ళ మీద, ఆటగాళ్ళు కోచ్ మీద నెట్టేస్తారు. ఇక్కడ అలా జరగలేదు. ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీం సాహెబు ఆటనే మార్చారు. హంగేరీవాళ్ళు కొత్తగా ఆడుతున్న పద్ధతిని శ్రద్ధగా గమనించి, ముందువరస ఆటగాడిని కొంచెం వెనక్కి జరిపి ఆడించే ఏర్పాటును మనవాళ్ళకు అలవాటు చేశారు.

ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనిపించింది. ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. అంతకంటే పైకి ఇంతవరకు వెళ్ళలేదు. ఆ బృందంలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మన జంటనగరాలవాళ్ళే. 1960లో రోమ్‌లో ఫ్రాన్సును 1-1తో నిలబెట్టాం. హంగేరీ మీద, పెరూ మీద ఓడినా, ఆ రెండు ఆటల్లోనూ మన గోలు బలరాందే.

ఇక జకార్తా, 1962. ఇజ్రాయిల్‌ను, తైవాన్‌ను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని ఒక భారతీయ క్రీడాధికారి ఆక్షేపించినందుకు అక్కడి జనం మనవాళ్ళ మీద మండిపడుతున్నారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. పైగా రహీం సాహెబుకు ఊపిరితిత్తుల క్యాన్సర్. థాయిలాండ్‌తో ఆటలో వెనకవరస స్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అటువంటి మనిషిని ఆయన సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. వెనక ఆ స్థానం అరుణ్ ఘోష్ చూసుకున్నాడు. జ్వరంనుంచి లేచిన తంగరాజ్‌ను ఫైనల్లో గోల్ దగ్గర నిలబెట్టారు. కొన్ని ఆటలకు గోల్ కాచిన బర్మన్ పక్కకు తప్పుకున్నాడు.

నా దృష్టిలో జట్టు బలం తెలిసే ఘట్టం ఇదే. అలవాటైన చోటు వదలమంటే వదలడం, గాయపడ్డా వేరే పని చెబితే చేయడం, ఇన్నాళ్ళూ ఆడి చివరి ఆటకు కూర్చోమంటే మొహం ముడుచుకోకుండా కూర్చోవడం, ఇవేవీ ఆ ఒక్కరోజున పుట్టుకొచ్చేవి కావు. కోచ్‌కు తనవాడు, పరాయివాడు అనే భేదం లేదని ఆటగాడికి నమ్మకం కుదిరితేనే జరుగుతాయి. ఆ నమ్మకం సంవత్సరాల తరబడి సంపాదించుకున్నది.

సెప్టెంబరు 4న సుమారు లక్షమంది ప్రేక్షకుల గేలి మధ్య ఫైనల్ జరిగింది. పి.కె. బెనర్జీ ఒక గోలు, కుట్లు పడిన తలతో జర్నైల్ ఇంకొక గోలు కొట్టారు. కొరియా ఒకటి తిప్పికొట్టినా 2-1తో స్వర్ణం మనదయింది. ముందురాత్రి కోచ్ తమను బంగారు పతకం కానుకగా అడిగారని ఆటగాళ్ళు ముసలితనంలో కూడా చెప్పుకునేవారు. ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న రహీం సాహెబు కన్నుమూశారు. ఆయనకు యాభై మూడేళ్ళు.

ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్ళీ రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో మన హైదరాబాదీ నయీముద్దీన్ నాయకత్వంలో కంచు వచ్చింది, అంతే. ఆ మహానుభావుడు మనవాడేనని చెప్పుకుంటే చాలదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టే అవుతుంది. మన జట్లను ఎంపిక చేసేటప్పుడు, గోలు కొట్టినవాడితోపాటు బంతి అందించినవాణ్ణి కూడా గుర్తిస్తున్నామా? బెంచీ మీద కూర్చున్నవాడి పేరు కెప్టెనుకు తెలుసా? ఓడిన మర్నాడు మైదానానికి ఎంతమంది వస్తున్నారు? ఈ మూడు ప్రశ్నలకు మనం మనస్ఫూర్తిగా జవాబు చెప్పుకోగలిగిన నాడు, రహీం సాహెబు చదివిన చోట మనమూ చదువుకున్నామని ధైర్యంగా అనుకోవచ్చు.