పనివారల వైద్యుడు రమజ్జీనీ

రాజుల చరిత్రములను, సేనానుల చరిత్రములను మనము తరగతులలో చదువుచునే యుందుము. కుమ్మరివాని చేతులేల వణకునో, కంచరివానికి చెవులేల వినబడవో తెలిసికొనవలెనని దుకాణము వెంట దుకాణము తిరిగిన యొక వైద్యుని చరిత్రము మాత్రము మనకు పాఠముగా రాలేదు. ఆయన పేరు బెర్నార్డినో రమజ్జీనీ. ఇటలీ దేశస్థుడు. వృత్తుల వలన కలుగు వ్యాధులను గూర్చిన శాస్త్రమునకు ఆయనయే జనకుడని వైద్యలోకము చెప్పుకొనుచున్నది.

క్రీ. శ. 1633వ సంవత్సరమున, మోడెనా ప్రభువుల యేలుబడిలో నున్న కార్పీ యను చిన్న పట్టణమున ఆయన జన్మించెను. బాల్యమున జెసూటు గురువుల పాఠశాలలో చదివి, పందొమ్మిదవ యేట పార్మా విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. మొదట తత్త్వశాస్త్రమును, పిదప వైద్యమును అభ్యసించి 1659లో పట్టము నందెను. రోమా నగరమున మరికొంత శిక్షణము పొందిన మీదట, ఆ నగరమునకు ఉత్తరముగా నున్న కాస్ట్రో సీమలో గ్రామముల వైద్యుడుగా కుదిరెను. ఆ సీమ చలిజ్వరమునకు పుట్టినిల్లు. ఆ జ్వరమునకు దోమ కారణమని యప్పటికి ఎవ్వరికిని తెలియదు; 1897లో మన సికింద్రాబాదున రోనాల్డు రాస్ దొర దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని కనుగొనువరకు ఆ రహస్యము తేటపడలేదు. కొలదికాలములోనే రమజ్జీనీ తానే రోగియై, జ్వరముతోను కామెర్లతోను కృశించి, కొలువు విడిచి స్వగ్రామమునకు మరలవలసిన వాడయ్యెను. పనిచేయు చోటు మనుష్యుని దేహమును పాడుచేయగలదను పాఠమును ఆయన మొదట తన యొంటి మీదనే నేర్చుకొనెనని నాకు తోచుచున్నది.

ఆరోగ్యము కుదుటపడిన తరువాత కార్పీలో వైద్యము చేసికొనుచు, ఫ్రాన్సెస్కా రీగీ యను నామెను వివాహమాడెను. 1671లో మోడెనా నగరమునకు కాపురము మార్చెను. అచ్చటి ప్రభువు 1682లో విశ్వవిద్యాలయమును నెలకొల్పగా అందు వైద్యశాస్త్రాచార్యుడుగా నియమింపబడెను. మోడెనా బావులలో నీరు పైకి ఉబికివచ్చు వింతను గూర్చి 1691లో నొక గ్రంథము వ్రాసెను. ఆ ప్రాంతమున వ్యాపించిన జ్వరములను ఏటేట గమనించి వ్రాసి ప్రకటించెను. ఇంతమాత్రముతో ఆయన జీవితము ముగిసినచో, వైద్యచరిత్రలో నొక మూలను ఆయన పేరు మిగిలియుండెడిది.

ఆయన దృష్టిని మరలించిన సంగతి ఆయన యింటి పెరటిలోనే జరిగినది. జనసమ్మర్దము గల ఆ నగరమున మరుగుదొడ్ల క్రింది గోతులను మూడేండ్ల కొకమారు శుభ్రము చేయించుట యాచారము. ఒకనాడు ఆయన యింటి గోతిలో దిగిన పనివాడొకడు ఊపిరి తిరుగనంత ఆత్రముతో పనిచేయుచుండుట ఆయన చూచెను. మనసు కరగి, అంత తొందర యెందుకని అతని నడిగెను. ఆ గోతిలో నాలుగు గంటలకు మించి యుండుట యెంత కష్టమో దిగినవారికే తెలియుననియు, ఆలసించినచో కన్నులు పోవుననియు ఆ పనివాడు బదులు చెప్పెను. వాడు పైకి వచ్చినపుడు రమజ్జీనీ అతని కన్నులను పరీక్షించెను. అవి ఎర్రబారి మసకలు క్రమ్మి యుండెను. దీనికి మందేమి వాడుదురని విచారింపగా, వెంటనే యింటికి పోయి చీకటి గదిలో మరునాటివరకు తలుపు మూసికొని కూర్చుండి, గోరువెచ్చని నీటితో కన్నులు కడుగుకొనుటయే తమ చికిత్స యని తెలిసెను. అటుపిమ్మట ఆ వృత్తివారిలో గ్రుడ్డివారై వీథులలో బిచ్చమెత్తుకొనుచున్న వారిని అనేకులను ఆయన గుర్తించెను.

ఆ గోతుల మాట వచ్చినది కావున ఒక సంగతి చెప్పక తప్పదు. మన దేశమున మనుష్యుల చేత మలము నెత్తించుటను నిషేధించుచు 1993లో నొక శాసనమును, 2013లో మరియొక శాసనమును చేయబడెను. మురుగు గోతులలోనికి దిగి విషవాయువు చేత పనివారు ప్రాణములు విడుచుట ఆ శాసనముల పిమ్మటను ఆగలేదు. రమజ్జీనీ తన కాలమున ఇట్టివారికి కన్నుల రక్షణ కొరకు, సిందూరమునకు మెరుగు పెట్టువారు చేయునట్లు, పారదర్శకమైన తిత్తి పొరను ముఖమునకు కట్టుకొనుమని బోధించెను. ముసుగు పెట్టుకొనవలెనను మాట మూడు శతాబ్దుల నాటిదన్న మాట.

నాటినుండి ఆయన పనివారి దుకాణములకు పోవుట ప్రారంభించెను. అప్పటి వైద్యులు ధనికుల గృహములలో నాడి పట్టిచూచి, లాటిను మాటలు నాలుగు పలికి, రుసుము పుచ్చుకొని పోవువారు. వీరు కంసాలి కొలిమి దగ్గరకు పోవుట గౌరవభంగమని తలచెడివారు. రమజ్జీనీ యట్లు తలంపలేదు. పేదవాని యింటికి పోయినపుడు ముక్కాలిపీట దొరికినను దాని మీదనే కూర్చుండి, నెమ్మదిగా ప్రశ్నింపవలెనని ఆయన శిష్యులకు నేర్పెను. రోగి నడుగవలసిన ప్రశ్నలను పూర్వము హిపోక్రటీసు అను గ్రీకు వైద్యుడు చెప్పియుండెను. వానికి రమజ్జీనీ యొక్కటి చేర్చెను: రోగి చేయు పని యేమి యనునదే ఆ ప్రశ్న. ఇంత చిన్న ప్రశ్నను రెండువేల యేండ్లుగా వైద్యవిధిలో నొకరును చేర్చకపోవుట చూడగా ఆశ్చర్యము కలుగును. గనులలో పనిచేయువారిని గూర్చి అగ్రికోలా, పారసెల్సస్ వంటివారు అంతకు పూర్వమే వ్రాసిరి గాని, సకల వృత్తులను వరుసగా విచారించినవారు లేరు.

అట్లు విచారించిన దాని ఫలమును 1700 సంవత్సరమున మోడెనాలో లాటిను భాషలో ప్రకటించెను. ఆ గ్రంథమునకు పేరు డె మోర్బిస్ ఆర్టిఫికుమ్ డయాట్రిబా. పనివారల వ్యాధులను గూర్చిన ప్రసంగమని దాని యర్థము. అందు నలుబదికి పైగా వృత్తులు చెప్పబడెను. వృత్తివ్యాధులకు రెండు మూలములున్నవని ఆయన కనుగొనెను. పనిలో వాడు పదార్థముల నుండి వచ్చు పొగ, ధూళి, విషము ఒకటి. దేహమును తీరుగాని వంపులలో చిరకాలము నిలుపుటయు, ఒకే కదలికను మితిమీరి చేయుటయు రెండవది.

మొదటి తెగకు కుమ్మరులు చేరుదురు. ఇటలీ కుమ్మరులు కుండలకు మెరుగు పూత వేయుటకై సీసమును నూరి కలిపెడివారు. మొదట వారి చేతులు వణకును, పిదప పట్టు తప్పును, పండ్లు ఊడును, ముఖము పాలిపోయి శవము రంగు దేలును. బంగారు మొలాము వేయువారును, వెనీసు దగ్గర మురానో దీవిలో అద్దములకు పాదరసము పూయువారును అదే దుర్గతి పాలగుదురు. రాళ్లు చెక్కువారు ధూళిని పీల్చి దగ్గుతోను ఉబ్బసముతోను క్షీణింతురు. అట్టి వారి శవములను కోసినపుడు ఊపిరితిత్తులలో ఇసుక కానవచ్చెనని యొక డచ్చి వైద్యుడు వ్రాసిన సంగతిని రమజ్జీనీ యుదాహరించెను. జనుము, అవిసెనార ఏకువారును, ధాన్యము చెరుగువారును, పిండి మరలవారును ఆ ధూళి చేతనే బాధపడుదురు. రొట్టెలు కాల్చువారికి పిండి గొంతులో పడుటయే గాక, లోకము నిద్రించువేళ మేలుకొని యుండుటయు నొక రోగమే.

రెండవ తెగకు దర్జీలు, చెప్పులు కుట్టువారు చేరుదురు. పండుగనాడు ఈ రెండు వృత్తుల సంఘములవారు ఇద్దరిద్దరుగా ఊరేగింపు పోవునపుడు, వంగిన వీపులతో ఒరుగుచు నడచుట చూచువారికి నవ్వు పుట్టించునని ఆయన వ్రాసెను. చదువరి కిచ్చట కొంచెము నొప్పి కలుగును. కాని ఆ నవ్వు వెనుక ఏడాది పొడవున మోకాళ్లపై వంగి సూది పట్టిన శ్రమయున్నదని వివరించినవాడును ఆయనయే.

ప్రమాదములకును వ్యాధులకును గల భేద మిచ్చట గమనింపదగియున్నది. గోడ కూలి పనివాడు మరణించినచో ఊరంతయు చూచును. సీసము పదియేండ్లకు చంపినచో దానిని విధి యందురు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019 సంవత్సరమునకు వేసిన అంచనా ప్రకారము, పని కారణముగా లోకమున మరణించినవారు సుమారు 29 లక్షల 30 వేలమంది. వారిలో ప్రమాదముల వలన పోయినవారు 3 లక్షల 30 వేలమంది. తక్కిన 26 లక్షలమంది వ్యాధుల పాలైరి.

ఈ గ్రంథములోని వృత్తాంతములలో నా మనసున నాటుకొన్నది ఫినాలే పట్టణపు వ్యాజ్యము. మోడెనా రాజ్యములోని ఆ యూర నొక వర్తకుడు పాదరసముతో రసకర్పూరము చేయు గొప్ప కార్ఖానా నడుపుచుండెను. కొలిమిలో అన్నభేదిని కాల్చినప్పుడెల్ల పొగ పేటయంతట క్రమ్ముచున్నదనియు, కార్ఖానాను ఊరి వెలుపలికి మార్పింపవలసినదనియు పొరుగున నున్న యొక పౌరుడు న్యాయస్థానమున మొరపెట్టెను. అతడు ఊరక మొరపెట్టలేదు. ఆ యూరి వైద్యుని ప్రమాణ వాఙ్మూలమును, దానితోపాటు దేవాలయపు మరణముల పుస్తకమును దాఖలు చేసెను. తక్కిన పేటలకంటె ఆ పేటలోను, కార్ఖానా దాపునను ఏటేట ఎక్కువమంది మరణించుచున్నారని ఆ పుస్తకము చూపెను. వారు క్షయతోను రొమ్ము జబ్బులతోను పోవుచున్నారని వైద్యుడు సాక్ష్యమిచ్చెను. పేటకును పేటకును లెక్క సరిపోల్చి, ఎక్కువకు కారణము చూపుమని యడుగుట ఆ కాలమున ఎంత క్రొత్తయో యోచింపుడు. వర్తకుని పక్షమునను వాదించువారుండిరి. ఇరుపక్షములవారును నేర్పుగా వ్రాసిన పత్రములను ప్రకటించుకొనిరి. తుదకు తీర్పు వర్తకునికే యనుకూలమయ్యెను. అన్నభేది నిర్దోషియని తేలెను.

రమజ్జీనీ ఆ తీర్పు తప్పని వ్రాయలేదు. అది సరియో కాదో ప్రకృతిశాస్త్రము నెరిగినవారు నిర్ణయింతురు గాక యని విడిచెను. ఇది జంకు అని కొందరనవచ్చును. రాజాశ్రయమున బ్రతుకు ఆచార్యుడు అంతకంటె తెగించి వ్రాయుట సులభము గాదు. అయినను వ్యాజ్యమును, మరణముల పుస్తకమును, తీర్పును మూటిని అచ్చువేయించెను గనుకనే మనకీనాడు ఆ పేటవారి సంగతి తెలిసినది.

ఆయన చికిత్సలో లోపములు లేకపోలేదు. పాతకాలపు దోషసిద్ధాంతమును ఆయన పూర్తిగా విడువలేదు. ఆయన చెప్పిన మందులలో చాల భాగము నేడెవరును వాడరు. ఆ సంగతి కొంతవరకు ఆయనకును తెలియును. కుమ్మరులు చేతులు కాళ్లు పడిపోయిన మీదటనే వైద్యునికొరకు వత్తురు, వారికి తోడు దరిద్రము, పని మానుమనిన తినుటకు లేదు; ఇట్టివారిని కుదుర్చుట తనకు అరుదుగా సాధ్యమయ్యెనని దాపరికము లేక ఒప్పుకొనెను.

గ్రంథము వెలువడిన 1700 సంవత్సరముననే వెనీసు ప్రభుత్వమువారు ఆయనను పాడువా విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడుగా పిలిపించిరి. అప్పటికి ఆయన వయస్సు అరువదియేడు. కంటిచూపు క్షీణించుచుండెను, గుండె దడయు, తలనొప్పియు పీడించుచుండెను. విశ్రాంతి నిమ్మని వేడుకొనగా ప్రభుత్వమువారు సమ్మతింపక పై పదవినే యిచ్చిరి. చూపు పోయిన పిదప మనుమలు చదివి వినిపించుచు, ఆయన చెప్పినది వ్రాసిపెట్టుచు వచ్చిరి.

ఆ స్థితిలో 1713లో తన గ్రంథమును మరల అచ్చు వేయించుచు, పండ్రెండు వృత్తులను అదనముగా చేర్చెను. వెనీసులో కంచరుల పేటయొకటి యుండెను. తెల్లవారినది మొదలు రాగిపై సుత్తి మ్రోత. ఆ వృత్తిలో ముసలివారైనవారు పూర్తిగా చెవిటివారగుదురని వ్రాసెను. అచ్చుకూటపు పనివారు ఇంటికి పోయినను, చాలసేపటివరకు రాత్రి కన్నుల యెదుట అచ్చక్షరములే కదలాడునని చెప్పెను. లేఖకులను గూర్చినది మన విద్యార్థులు వినదగినది. ఎడతెగక కూర్చుండుట, చేయి ఒకే తీరున కదలుట, తప్పు రాకూడదని మనసు బిగబట్టుకొనుట, ఈ మూడును వారిని బాధించునట. ఆయన యెరిగిన దస్తావేజుల లేఖకుడొకడు బ్రతుకంతయు వ్రాసి వ్రాసి కుడిచేయి పోగొట్టుకొనెను. పట్టుదలతో ఎడమచేతితో వ్రాయ నేర్చుకొనెను. కొంతకాలమునకు ఆ చేయియు అట్లే పోయెను.

1714 నవంబరు 5వ తేదీన, శిష్యులకు పాఠము చెప్పుటకు బయలుదేరబోవుచుండగా పక్షవాతము తగిలి రమజ్జీనీ పాడువాలో మరణించెను. చూపులేని ఆ వృద్ధుడు తుది దినమువరకు పని మానలేదు.

ఆ గ్రంథము 1705లోనే ఇంగ్లీషులోనికి వచ్చెను. ఆడమ్ స్మిత్ 1776లో ప్రకటించిన తన అర్థశాస్త్ర గ్రంథమున ఆయనను పేర్కొనెను. ఫినాలే పౌరుడు చేసిన పని, అనగా వృత్తిని బట్టియు స్థలమును బట్టియు మరణములను లెక్కించుట, ప్రభుత్వముల పనిగా మారుటకు మాత్రము చాలకాలము పట్టెను. ఇంగ్లండులో విలియమ్ ఫార్ 1851 జనాభా లెక్కల ఆధారముతో వృత్తుల వారీగా మరణములను పట్టిక వేసెను. 1895 నుండి అచ్చటి వైద్యులు సీసపు విషమును కనుగొన్న ప్రతిమారును ఫ్యాక్టరీల ప్రధాన పరీక్షాధికారికి తెలుపవలెనని శాసనమయ్యెను. 1900 సంవత్సరమున అట్లు తెలిసిన రోగులు వెయ్యిమందికి మించిరి. భారతదేశమున 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టమునకు ఇట్లు తెలుపవలసిన రోగముల పట్టిక యొకటి జతపరుపబడెను. కుమ్మరులను చంపిన సీసమును, అద్దములవారిని చంపిన పాదరసమును, రాళ్లు చెక్కువారిని చంపిన ధూళిరోగమును అందు చేరెను. కంచరుల చెవుడు మాత్రము ఆ మొదటి పట్టికలో లేదు. అది తరువాతి సవరణలతో గాని చేరలేదు.