అలన్ బ్లమ్‌లైన్

అలన్ డోవర్ బ్లమ్‌లైన్ (జూన్ 29, 1903 - జూన్ 7, 1942) ఇంగ్లండుకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, స్టీరియో ధ్వనిముద్రణకు ఆద్యులలో ప్రముఖుడు. ఒక జత మైక్రోఫోనులతో ధ్వనినే కాక, అది వచ్చిన దిశను కూడా ముద్రించవచ్చునని ఇతడు నిరూపించాడు. స్టూడియోలలో నేటికీ వాడుకలో ఉన్న "బ్లమ్‌లైన్ జత" అనే అమరికకు ఇతని పేరే వచ్చింది. 38 సంవత్సరాల జీవితకాలంలో ఇతని పేరు మీద 128 పేటెంట్లు నమోదయ్యాయి.

బాల్యం, విద్య

బ్లమ్‌లైన్ లండను నగరంలోని హాంప్‌స్టెడ్‌లో జన్మించాడు. తండ్రి సెమ్మీ బ్లమ్‌లైన్ జర్మనీలో పుట్టి బ్రిటిషు పౌరసత్వం పొందిన వ్యక్తి. తల్లి జెస్సీ డోవర్, దక్షిణాఫ్రికాలో పనిచేసిన ఒక క్రైస్తవ మత ప్రచారకుని కుమార్తె. హైగేట్ పాఠశాలలో చదివిన తరువాత లండనులోని సిటీ అండ్ గిల్డ్స్ కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించి, 1923లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

ఉద్యోగ జీవితం

1924లో ఇంటర్నేషనల్ వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో చేరి, దూరప్రాంత టెలిఫోను తీగలలో ఒక సంభాషణ మరొక దానిలోకి చొరబడకుండా చేసే పద్ధతులపై కృషి చేశాడు. 1929లో కొలంబియా గ్రాఫోఫోను కంపెనీకి మారాడు. అప్పట్లో రికార్డులు కోసే యంత్రాలకు అమెరికా సంస్థకు రాయల్టీ చెల్లించవలసి వచ్చేది. ఆ పేటెంట్లతో ప్రమేయం లేని కొత్త యంత్రాన్ని తయారు చేయడం ఇక్కడ ఇతనికి అప్పగించిన తొలి పని. 1931లో కొలంబియా, గ్రామఫోన్ కంపెనీలు కలిసి ఇ.ఎమ్.ఐ. సంస్థగా ఏర్పడ్డాయి.

స్టీరియో ఆవిష్కరణ

1931లో, తరువాత తన భార్య అయిన డోరీన్‌తో కలిసి సినిమా చూస్తున్నప్పుడు ఇతనికి ఈ ఆలోచన కలిగిందని చెబుతారు. తెర మీద నటుడు ఒక పక్క ఉండగా మాట మరొక చోటి నుండి రావడం ఇతనికి లోపంగా తోచింది. డిసెంబరు 14, 1931న పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1933లో అది 394325 సంఖ్యతో మంజూరయింది. అందులో 70 అంశాలున్నాయి. మైక్రోఫోనుల అమరికలతో పాటు, ఒకే గాడికి ఉన్న రెండు గోడల మీద రెండు ధ్వనులను కోసే విధానం కూడా అందులో ఉంది.

1934 జనవరిలో లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నిర్వహణలో జరిగిన మొజార్ట్ సింఫనీ సాధనను ఇతడు స్టీరియోలో ముద్రించాడు. 1935లో హేస్ వద్ద రైళ్ళ రాకపోకలను స్టీరియో ధ్వనితో చిత్రీకరించాడు. అయితే సంస్థ దృష్టి టెలివిజను వైపు మళ్ళడంతో ఈ పరిశోధన ఆగిపోయింది. స్టీరియో రికార్డులు 1957-58లో గాని విపణిలోకి రాలేదు. అవి ఇతడు పేటెంటులో వివరించిన రెండు గోడల పద్ధతినే అనుసరించాయి.

మైక్రోఫోనుల జత

రెండు స్పీకర్ల ఎదుట కూర్చున్న శ్రోత ప్రతి చెవికీ రెండింటి ధ్వనీ చేరుతుంది. కాబట్టి మైక్రోఫోనులను చెవులవలె దూరంగా ఉంచినంత మాత్రాన దిశ సరిగా తెలియదని బ్లమ్‌లైన్ గుర్తించాడు. స్పీకర్ల మధ్య ధ్వని తీవ్రతలో భేదం ఉంటే, చెవులు దానిని దిశగా గ్రహిస్తాయి. ఆ భేదాన్ని పొందడానికి ముందు, వెనుకల ధ్వనిని గ్రహించి పక్కల ధ్వనిని విడిచిపెట్టే రెండు మైక్రోఫోనులను ఒకే చోట ఒకదానిపై ఒకటిగా, 90 డిగ్రీల కోణంలో ఉంచాలి.

బుర్రకథను ఉదాహరణగా తీసుకుంటే, మధ్యలో నిలిచిన కథకుని గొంతు రెండు మైక్రోఫోనులలోనూ సమంగా పడుతుంది. ఎడమ వంత గొంతు ఎడమ దానిలో, కుడి వంత గొంతు కుడి దానిలో ఎక్కువగా పడుతుంది. వినేటప్పుడు ముగ్గురూ తమ తమ స్థానాలలో ఉన్నట్లే తోస్తుంది.

దీనికి రెండు మైక్రోఫోనులూ ఒకే రకానివై, సున్నితత్వంలోనూ, మంద్ర తార స్వరాలను గ్రహించే తీరులోనూ సమానంగా ఉండాలి. ఒకటి ఎక్కువ గ్రహిస్తే కథకుడు ఒక పక్కకు జరిగినట్లు వినిపిస్తాడు. అందువల్లనే తయారీదారులు కండెన్సర్ మైక్రోఫోనులను కొలిచి, జోడించి జతలుగా అమ్ముతారు. రెండు పొరలు గల కండెన్సర్ మైక్రోఫోనులలో గ్రహించే దిశను మీటతో మార్చుకునే వీలుంటుంది. ఈ అమరిక వెనుక వైపు ధ్వనిని కూడా గ్రహిస్తుంది కనుక ప్రతిధ్వని ఎక్కువగా ఉన్న గదులకు పనికిరాదు. అటువంటి చోట్ల ముందు వైపు ధ్వనినే ప్రధానంగా గ్రహించే జతను ఎంచుకుంటారు.

టెలివిజను, రాడారు

1936 నవంబరులో బి.బి.సి. ప్రారంభించిన టెలివిజను ప్రసారాలకు ఆధారమైన 405 గీతల విధానం రూపకల్పనలో ఇతడు ముఖ్యపాత్ర వహించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో, విమానం నుండి నేలను గుర్తించే ఎచ్2ఎస్ రాడారు తయారీలో పాల్గొన్నాడు.

మరణం

జూన్ 7, 1942న ఆ రాడారును పరీక్షిస్తున్న హాలిఫాక్స్ విమానం ఇంజనులో మంటలు చెలరేగి, హెర్ఫర్డ్‌షైర్‌లోని వెల్ష్ బిక్‌నర్ సమీపంలో కూలిపోయింది. బ్లమ్‌లైన్‌తో సహా అందులోని 11 మందీ మరణించారు. మృతులలో ఇ.ఎమ్.ఐ. సహచరులు సెసిల్ బ్రౌన్, ఫ్రాంక్ బ్లైథెన్ కూడా ఉన్నారు. యుద్ధ రహస్యం బయటపడకుండా ఈ వార్తను అప్పట్లో ప్రకటించలేదు. అందువల్ల ఇతని పేరు చాలాకాలం ప్రజలకు తెలియలేదు.

గుర్తింపు

లండనులోని ఈలింగ్‌లో ఇతడు నివసించిన ఇంటికి 1977లో స్మారక ఫలకం అమర్చారు. 2015లో ఆబీ రోడ్ స్టూడియోలో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ మరొక ఫలకాన్ని ఏర్పాటు చేసింది. 2017లో మరణానంతరం సాంకేతిక గ్రామీ పురస్కారం లభించింది.