ఫాదర్ హయ్యరుగారు: కాపరి యెడబాటులో మంద

కంబదూరు వంటి మెట్టపల్లెలలోని చిన్న సంఘములలో, యువజనుల కూటమును నడుపు పాదిరిగారు సెలవుపైననో బదిలీపైననో వెళ్లినయెడల, రెండు మూడు ఆదివారములు పిల్లలు కూడుదురు. పిమ్మట కూటము ఆగిపోవును. అట్టి కాలమున ఏమి చేయవలెనని విద్యార్థులు అడుగుట కలదు. ఇందుకు ఉపన్యాసముకంటె ఒక జీవితము మేలని తలంచి, గుంటూరు సీమవారు ఫాదర్ హయ్యరని పిలుచుకొను జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరుగారి చరిత్రను ఇచట వ్రాయుచున్నాము.

వీరు 1793 సంవత్సరము జూలై 10వ తేదీన జర్మనీ దేశమందలి హెల్మ్‌స్టెట్ పట్టణమున జన్మించిరి. పదునాలుగేండ్ల ప్రాయమున తలిదండ్రులు వీరిని అమెరికాలోని ఫిలడెల్ఫియాలోనున్న బంధువు నొద్దకు పంపిరి. 1820లో గురుపట్టము పొంది, పెన్సిల్వేనియా సీమలో చెదరియున్న చిన్న సంఘముల మధ్య తిరుగుచు, ఆదివారపు బడులను నెలకొల్పుటలో మిక్కిలి శ్రమించిరి. ఒక పాదిరికి అనేక గుడులున్నచోట ప్రతివారము ఆయన రాలేడు గదా. ఆయన లేని వారములలో పిల్లలను కూర్చుండబెట్టి చదివింపవలసినవారు ఆ యూరివారే. ఈ పాఠము హయ్యరుగారికి ఇండియాకు రాకమునుపే తెలియునని మా యభిప్రాయము.

1842 జూలై 31న వీరు గుంటూరు చేరిరి. అప్పటికి వీరి వయస్సు నలువదితొమ్మిది. ఆ జిల్లా కలెక్టరైన స్టోక్సుదొరగారు మిషనెరీ కావలెనని కోరుచుండినవారు గనుక చాల తోడ్పడిరి. హయ్యరుగారు వచ్చినది మొదలు బడులను తెరచిరి. బాలికలకును చదువు చెప్పించిరి. 1844లో వాల్టర్ గన్నుగారు భార్యతో వచ్చి చేరిరి.

అంతలో మొదటి యెడబాటు కలిగెను. దేహస్థితి చెడి హయ్యరుగారు అమెరికాకు మరలిరి. పనియంతయు గన్నుగారిమీద పడెను. హయ్యరుగారు అచట ఊరక కూర్చుండక, 1847లో బాల్టిమోరున వైద్యపట్టము పొంది, 1848లో తిరిగివచ్చిరి. మరుసటి యేట పల్నాటిసీమకు పోయి గురజాలలో పని మొదలిడిరి. ఆ రాతినేల, ఆ యెండలు మన మెట్టసీమవారికి వేరుగ వర్ణింప నక్కరలేదు. గన్నుగారు 1851లో గుంటూరులోనే మృతినొందిరి. ఒక్కని భుజములపై మొత్తము భారముంచుట ఎంత ప్రమాదకరమో ఇది చదువునపుడు మాకు తోచును.

1857లో హయ్యరుగారు మరల దేశము విడిచి, అమెరికా పడమటి భాగమున మిన్నెసోటాలో సంఘములను కూర్చుచుండిరి. ఈ రెండవ యెడబాటు పండ్రెండేండ్లు. ఆ నడుమ అమెరికాలో అంతర్యుద్ధము జరిగి ఇచటి పనికి ధనము తగ్గెను. మిషనెరీలు ఒకరివెంట నొకరు వెడలగా, తుదకు గుంటూరులో అనంగ్స్టుగారొక్కరే మిగిలిరి. రాజమండ్రి మిషనును వేరొక మిషను సంఘమునకు అప్పగింతమను మాట పుట్టెను.

ఈ వార్త వినునప్పటికి హయ్యరుగారు జర్మనీలో నుండిరి. వెంటనే సముద్రము దాటి, 1869లో పెన్సిల్వేనియాలోని రీడింగు పట్టణమున జరిగిన సభకు పోయి, అప్పగింపవలదనియు, తగిన యువకులు దొరకువరకు తామే పోయెదమనియు చెప్పిరి. అప్పుడు వారి వయస్సు డెబ్బదియారు! మన పల్లెలలో ఆ ప్రాయమువారు అరుగుమీద కూర్చుండి మనుమలచేత నీళ్లు తెప్పించుకొందురు. వీరు ఆ సంవత్సరమే రాజమండ్రి చేరి బాధ్యత వహించిరి.

తరువాతి నడవడియే మాకు మిక్కిలి నచ్చినది. 1870లో వచ్చిన బెకరుగారు కొలదికాలములోనే మృతినొందిరి. వృద్ధుడైన హయ్యరుగారు కదలక నిలిచిరి. అదే యేట ష్మిత్తుగారు రాగా, ఆయనకు పని చూపి, 1871లో తాము తొలగిరి. ఇంకను నేనే పెద్దనని పట్టుకొని కూర్చుండలేదు. కూటమును నడుపుటకు తాత్కాలికముగ నియమింపబడినవారు, అసలువాడు వచ్చిన పిమ్మట కుర్చీ విడుచుట ఎంత కష్టమో మన బడులలో మానిటర్లకు తెలియును.

హయ్యరుగారు 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో కన్నుమూసిరి. రాజమండ్రి పని నిలిచెను. 1878లో నేలప్రోలు పౌలుసుగారును, తోట యోసేపుగారును అచట గురుపట్టము పొందిరి. ఇద్దరును తెలుగువారు.