ఆదిభట్ల నారాయణదాసు : వంశం, కథాపరంపర

రంగస్థల కళాకారుల వంశచరిత్రను పరిశీలించేవారికి తెలుగునాట దాదాపు ఒకే కాలానికి చెందిన రెండు భిన్నమైన ఉదాహరణలు లభిస్తాయి. 1885లో కడప మండలంలోని సురభి గ్రామంలో వనారస కుటుంబంవారు కీచకవధ నాటకాన్ని ప్రదర్శించారు. అంతకుముందు వారి కులవృత్తి తోలుబొమ్మలాట. తరువాత ఆ కుటుంబపు శాఖలే నాటక సమాజాలయినవి. కనుక సురభివారి వంశవృక్షాన్ని సక్రమంగా గీస్తే ఆ నాటక సమాజాల చరిత్ర చాలవరకు అందులోనే ఇమిడిపోతుంది. దానికి రెండేండ్ల ముందు, 1883లో, విజయనగరంలో ధ్రువచరిత్రతో తొలి హరికథ చెప్పిన ఆదిభట్ల నారాయణదాసు విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. గజ్జె కట్టి సభలో నర్తించిన పూర్వుడు ఆయన ఇంట ప్రసిద్ధుడు కాడు.

దాసుగారు 1864 ఆగస్టు 31న బొబ్బిలి ప్రాంతంలో సువర్ణముఖీ తీరమందలి అజ్జాడ అగ్రహారంలో జన్మించారు. తల్లి లక్ష్మీనరసమ్మ, తండ్రి వేంకట చయనులు. చయనులు అనేది యజ్ఞసంబంధమైన పేరు. అయితే తాతల పేర్లు మనుమలకు పెట్టుకొనే కుటుంబాలలో ఇటువంటి బిరుదనామాలు తరతరాలకు సంక్రమిస్తాయి. కాబట్టి కేవలం పేరునుబట్టి ఆ వ్యక్తియే చయనం చేసినాడని నిర్ణయించరాదు. వంశచరిత్రకారులు తరచుగా పొరబడే చోటు ఇది. ఏమైనా ఆ ఇల్లు వేదశాస్త్రాల ఇల్లనడంలో సందేహం లేదు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. లోకానికి తెలిసిన పేరు నారాయణదాసు. ‘దాసు’ అనగానే గృహనామం, శాఖ, గోత్రం వెనుకకు తగ్గి, భగవంతునితోడి సంబంధమే ముందుకు వస్తుంది. హరికథకుల పేర్లను పట్టుకొని వంశాలను వెదికేవారికి ఇదొక చిక్కు. నారాయణదాసు విషయంలో అజ్జాడ, ఆదిభట్ల అనే రెండూ పేరుకు ముందు నిలిచిపోవడం అదృష్టమే. ఊరి సంగతి మరొక చిక్కు. ఆయన పుట్టిననాడు అజ్జాడ విశాఖపట్టణం జిల్లాలోనిది. 1979లో విజయనగరం జిల్లాకు చెందింది. 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. ఇంకా ఉత్తరాన టెక్కలి, భావనపాడు ప్రాంతపు హరికథకుల ఆనవాళ్లను వెదకదలచినవారు 1936కు పూర్వకాలానికి గంజాం జిల్లా కాగితాలనే తిరగవేయవలసి ఉంటుంది.

బాల్యంలో తల్లి వద్ద విన్న పురాణకథలే ఆయనకు మొదటి పాఠాలు. అయిదేండ్ల ప్రాయంలో పోతన భాగవత పద్యాలను ధారాళంగా చదవగా విని పుస్తకాల అంగడివాడు భాగవతాన్ని బహూకరించాడని చెప్పుకొంటారు. సంగీతంలో బొబ్బిలికి చెందిన వాసా సాంబయ్య ఆయనను చేరదీశారు. వాసావారిది వైణికుల వంశం. అంటే సంగీతం ఒక వంశపు సొత్తుగా ఉన్న చోటనుండి, అది వృత్తిగా లేని ఇంటి బాలునికి అందింది. తరువాత విజయనగరంలో ఇంగ్లీషు చదువు. అక్కడనే మదరాసునుండి వచ్చిన కుప్పుస్వామినాయుడు హరికథను వినడం ఆయన జీవితగతిని మార్చింది.

ఆ కాలపు సామాజిక స్థితిని గమనిస్తేగాని ఈ మలుపులోని సాహసం బోధపడదు. వైదిక కుటుంబంలో పుట్టినవాడు పురాణం చెప్పవచ్చును. వ్యాసపీఠం ముందు కూర్చుండి చెప్పడం గౌరవమే. కాలికి గజ్జెలు, చేత చిడతలు ధరించి, పాట, ఆట, అభినయం, వచనం అన్నింటినీ ఒక్కడే నిర్వహిస్తూ జనం ఎదుట నిలుచుండడం వేరు. పండితులు తేలికగా చూసే ఆ గజ్జెను దాసుగారు పాండిత్యంతో కలిపి నిలబెట్టారు. అంబరీష చరిత్ర, గజేంద్రమోక్షం, రుక్మిణీకల్యాణం, యథార్థ రామాయణం మొదలైన కథలను ఆయన స్వయంగా రచించుకొన్నారు. సంస్కృతంలోనూ హరికథ చెప్పారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చతెనుగులోకి అనువదించి 1932లో ప్రకటించారు. కాళిదాసు, షేక్స్పియరుల నుండి రసానుగుణంగా ఘట్టాలను ఎన్నుకొని నవరసతరంగిణిని కూర్చారు. పంచముఖి లయప్రదర్శన ప్రసిద్ధమే. అయితే దానిని గురించిన అద్భుతకథలు ఆయన సాహిత్యకృషిని కొంత మరుగుపరచాయి.

మైసూరు ఆస్థానంలో సత్కారం పొందిన తరువాతనే విజయనగర ప్రభువు ఆనందగజపతి ఆయనను ఆదరించారు. సొంతవూరి విద్వాంసుని గొప్పతనం పొరుగురాజు చెప్పవలసి వచ్చిందన్నమాట. 1919లో విజయరామ గజపతి సంగీత పాఠశాలను స్థాపించి అధ్యక్షత వహింపుమన్నప్పుడు, నరుని కొలువు తనకు తగదని దాసుగారు సంకోచించగా, ఆ పాఠశాలను శ్రీరామునకు అంకితం చేశారని ప్రతీతి. అదే విజయరామ గానపాఠశాల. విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడిని అధ్యాపకునిగా నియమించినదీ అక్కడనే. 1936లో దాసుగారి స్థానానికి వచ్చినవారు ఆయనే. ఇక్కడ వారసత్వం రక్తసంబంధాన్ని అనుసరించలేదు, విద్యను అనుసరించింది.

కుటుంబ వివరాలకు ముఖ్యాధారం దాసుగారి స్వీయచరిత్ర ‘నా యెరుక’. ఇందులో యౌవనచాపల్యాలను సైతం ఆయన దాచలేదు. వంశగౌరవం కోసం తీర్చిదిద్దిన చరిత్రలకంటె ఇది పరిశోధకునకు నమ్మదగినది కావడానికి ఆ నిర్మొగమాటమే కారణం. లోపమేమంటే అది తొలి మూడు పదుల ఏండ్ల జీవితంతోనే దాదాపు ఆగిపోతుంది. గానపాఠశాల కాలం, వార్ధక్యం అందులో లేవు. 1945 జనవరి 2న ఆయన కన్నుమూశారు. గ్రంథం వెలువడినది 1976లో. మిగిలిన అర్ధశతాబ్దపు చరిత్రను కథల ముద్రిత ప్రతులనుండి, గానపాఠశాల చరిత్రనుండి, శిష్యప్రశిష్యులు కథ చెప్పే తీరునుండి కూర్చుకోవలసి ఉన్నది.