దీనబంధు ఆండ్రూస్

చోడవరం, అనకాపల్లి ప్రాంతాల రైతు తన పొలంలోని చెరకును నరికి, గానుగాడించి, బెల్లం వండుతాడు. ఆ శ్రమ కఠినమైనదే గాని, పొలం మాత్రం అతనిది. పంతొమ్మిదవ శతాబ్దంలో నాటి విశాఖపట్నం జిల్లా నుండి ఓడలెక్కిన వేలాదిమంది నిరుపేదలు ఇదే చెరకును పరాయి దేశంలో, పరాయివాని కొరడా కింద నరికారు. ఆ దాస్యాన్ని అంతం చేయడానికి పాటుపడినవారిలో ఒక ఆంగ్లేయుడు ఉన్నారు. ఆయన పేరు చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్.

ఆయన కృషి అర్థం కావాలంటే అంతకు ముందటి చరిత్ర కొంత తెలియాలి. మూడు శతాబ్దాలకు పైగా ఐరోపా వర్తకులు ఆఫ్రికా ప్రజలను బంధించి, అట్లాంటిక్ మహాసముద్రం దాటించి, అమెరికా ఖండాలలోనూ కరేబియన్ దీవులలోనూ విక్రయించారు. అలా ఓడలెక్కించబడినవారు సుమారు 1 కోటి 25 లక్షలమంది. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ నిర్మూలన చట్టాన్ని ఆమోదించింది. యజమానులకు 2 కోట్ల పౌన్ల నష్టపరిహారం లభించింది. బానిసలకు చిల్లిగవ్వయినా దక్కలేదు. అప్పుడు చెరకు తోటల యజమానుల దృష్టి భారతదేశంపై పడింది. 1838లో విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు కలకత్తా నుండి బ్రిటిష్ గయానాకు కూలీలను చేరవేశాయి. మారిషస్, నేటాల్, ఫిజీలకు కూడా ఇదే విధంగా వలసలు సాగాయి. మారిషస్‌లో తెలుగువారిని కోరంగి రేవు పేరుతో కోరంగీలని పిలిచేవారు. నేటాల్ చేరిన తెలుగువారిలో విశాఖపట్నం జిల్లావారు అధికం.

ఈ పద్ధతికి ఒప్పంద కూలీ విధానమని పేరు. చదువురాని కూలీ అయిదేళ్ళ ఒప్పందంపై వేలిముద్ర వేసేవాడు. తాను చేరబోయే దేశం ఎంత దూరంలో ఉన్నదో చాలామందికి తెలియదు. పని మానితే జరిమానా, లేదా జైలు. బానిస అనే మాట కాగితం మీద లేదు, అంతే తేడా.

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో విద్యనభ్యసించి, క్రైస్తవ మతాచార్యులై, 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో అధ్యాపకులుగా చేరారు. పాలకజాతికి చెందినవాడైనప్పటికీ భారతీయులతో సమానుడిగా మెలగాలన్నది ఆయన అభిమతం.

గోపాలకృష్ణ గోఖలే కోరికపై ఆయన మిత్రుడు పియర్సన్‌తో కలిసి 1914 జనవరిలో దక్షిణాఫ్రికా చేరారు. డర్బన్ రేవులో గాంధీజీ పాదాలకు నమస్కరించారు. అక్కడి తెల్లవారికి అది భరించరాని విషయమైంది. ఆయన ఆ దేశంలో ఉండగానే ఇంగ్లండులో తల్లి మరణించింది.

నేటాల్‌లో ఒకనాడు తోట నుండి పారిపోయి వచ్చిన ఒక కూలీని ఆయన చూశారు. దెబ్బలతో అతని వీపు చీలిపోయి ఉన్నది. తెల్లవాడైన ఆండ్రూస్‌ను చూడగానే అతడు మళ్ళీ కొడతారేమోనని భయంతో ముడుచుకుపోయాడు. 1915లో కలరా సోకి, సిమ్లాలో కోలుకుంటున్న సమయంలో ఆండ్రూస్‌కు ఆ కూలీ ముఖమే పదే పదే కళ్ళ ముందు నిలిచింది. ఆరోగ్యం పూర్తిగా కుదుటపడకమునుపే ఆయన ఫిజీ ప్రయాణానికి సంకల్పించారు.

ఆ సంవత్సరాంతంలో ఆండ్రూస్, పియర్సన్ ఫిజీ తోటలలో తిరిగి, కూలీల నివాసాలను స్వయంగా పరిశీలించారు. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు గల గదిలో ముగ్గురు పురుషులు, లేదా పిల్లలతో కూడిన ఒక కుటుంబం నివసించేది. నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలను పంపడం నియమం. ఈ అసమానత వల్ల కుటుంబాలు విచ్ఛిన్నమై, హత్యలు, ఆత్మహత్యలు పెరిగాయని వారు 1916లో వెలువరించిన నివేదికలో నిరూపించారు. ఆవేశం కంటె ఆధారాలకే ఆండ్రూస్ ప్రాధాన్యమిచ్చారు. ఆ నివేదిక బలమంతా అందులోనే ఉన్నది.

1912లో గోఖలే శాసనసభలో ప్రవేశపెట్టిన తీర్మానం ఓడిపోయింది. 1916 మార్చిలో మదనమోహన మాలవీయ తీర్మానాన్ని ప్రభుత్వం అంగీకరించింది. కాని రద్దుకు మరికొన్నేళ్ళ గడువు కావాలని లండన్ అధికారులు కోరడంతో దేశమంతటా నిరసన చెలరేగింది. హైదరాబాదులో జన్మించిన సరోజినీ నాయుడు అలహాబాదు సభలో ఈ విధానాన్ని తీవ్రంగా ఖండించారు. 1917లో కూలీల ఎగుమతి నిలిచిపోయింది. ఆండ్రూస్ అదే ఏడాది తిరిగి ఫిజీ వెళ్ళారు, ఎందుకంటే అక్కడ చిక్కుకున్నవారి ఒప్పందాలు ఇంకా మిగిలే ఉన్నాయి. 1920 జనవరి 1న ఆ ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. ఫిజీలోని భారతీయులు ఆయనను దీనబంధు అని పిలుచుకున్నారు.

1929లో ఆయన బ్రిటిష్ గయానాకు వెళ్ళారు. తొంభై ఒక్క సంవత్సరాల క్రితం తొలి కూలీల ఓడలు చేరిన నేల అది. బానిసల సంతతివారూ కూలీల సంతతివారూ అక్కడ పక్కపక్కనే నివసిస్తున్నారు. ఆ భారతీయుల విద్య, వివాహ చట్టాలు, స్వదేశంతో తెగిపోయిన సంబంధాల గురించి ఆయన విచారించారు. 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో కన్నుమూశారు. ఆయన సమాధి ఆ నగరంలోనే, లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానవాటికలో ఉన్నది.