ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ (జూలై 1, 1818 - ఆగష్టు 13, 1865) హంగేరీకి చెందిన సుప్రసిద్ధ ప్రసూతి వైద్యుడు. వైద్యులు చేతులు శుభ్రపరచుకొనుట ద్వారా బాలింతల మరణాలను అరికట్టవచ్చునని గణాంకాలతో నిరూపించాడు.

జననం, ఉద్యోగం

ఈయన బుడా నగరంలో (ప్రస్తుతం బుడాపెస్ట్‌లో భాగం) జన్మించాడు. 1844లో వియన్నా విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందాడు. 1846లో వియన్నా జనరల్ ఆసుపత్రి మొదటి ప్రసూతి విభాగంలో ఆచార్య యోహాన్ క్లైన్ వద్ద సహాయకుడిగా నియమితుడయ్యాడు.

పరిశోధన

ఆ ఆసుపత్రి మొదటి విభాగంలో వైద్య విద్యార్థులు, రెండవ విభాగంలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. సూతికా జ్వరం వలన మొదటి విభాగంలో సుమారు 10 శాతం, రెండవ విభాగంలో సుమారు 4 శాతం బాలింతలు మరణించేవారు. 1847లో ఈయన మిత్రుడు, ఆచార్యుడు యాకోబ్ కొల్లెచ్కా శవపరీక్ష సమయంలో కత్తి గాటు పడి మరణించాడు. ఆయన దేహంలో కనిపించిన మార్పులు సూతికా జ్వరం లక్షణాలను పోలి ఉన్నాయి. శవాలను కోసిన చేతులతోనే ప్రసవాలు చేయుట వలన వ్యాధి సంక్రమిస్తున్నదని సెమ్మెల్‌వైస్ గ్రహించాడు. మే నెల నుండి క్లోరిన్ కలిసిన సున్నపు ద్రావణంతో చేతులు కడుగుకొనుటను తప్పనిసరి చేశాడు. ఏప్రిల్‌లో 18 శాతంగా ఉన్న మరణాలు జూన్ నాటికి సుమారు 2 శాతానికి తగ్గాయి.

ఆసుపత్రి నుండి నిష్క్రమణ

స్కోడా, రోకిటాన్‌స్కీ, హెబ్రా వంటి ప్రముఖులు ఈయనను సమర్థించినా, క్లైన్ అంగీకరించలేదు. 1849లో పదవీకాలం ముగియగా దానిని పొడిగించలేదు. ఆ స్థానం కార్ల్ బ్రౌన్‌కు లభించింది. 1850 అక్టోబరులో బోధనకు అనుమతి లభించినా, బొమ్మలపై మాత్రమే బోధించవలెనని నిబంధన విధించారు. దీనిని అవమానంగా భావించి, మిత్రులకైనా చెప్పకుండా కొద్ది రోజులలోనే వియన్నాను విడిచి పెస్ట్ నగరానికి వెళ్ళిపోయాడు. అప్పటికి తన సిద్ధాంతాన్ని స్వయంగా గ్రంథరూపంలో ప్రకటించకపోవడం ఈయనకు ప్రతికూలమైంది.

చివరి దశ

1851లో పెస్ట్‌లోని సెయింట్ రోకుస్ ఆసుపత్రిలో వేతనం లేకుండా ప్రసూతి విభాగ బాధ్యత స్వీకరించాడు. అక్కడ ఆరేళ్ళలో 933 ప్రసవాలు జరుగగా, సూతికా జ్వరంతో 8 మంది మాత్రమే మరణించారు. 1855లో పెస్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1861లో ప్రచురించిన గ్రంథాన్ని పలువురు వైద్యులు తిరస్కరించారు. మానసిక స్థితి క్షీణించగా 1865లో వియన్నాలోని మానసిక చికిత్సాలయంలో చేర్చారు. అక్కడే రెండు వారాలకు, గాయం చీము పట్టి రక్తం విషపూరితమై, 47వ ఏట మరణించాడు.

గుర్తింపు

తరువాత కాలంలో పాశ్చర్, లిస్టర్ పరిశోధనల వలన ఈయన పద్ధతి సరైనదని వైద్యలోకం అంగీకరించింది. 1969లో బుడాపెస్ట్ వైద్య విశ్వవిద్యాలయానికి సెమ్మెల్‌వైస్ పేరు పెట్టారు.