ఔషధశుద్ధికి జీవితం ధారపోసిన ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్

మానవుడు అంగడిలో కొనే వస్తువులలో అధిక భాగాన్ని తానే స్వయంగా పరీక్షించుకోగలడు. బియ్యాన్ని అరచేతిలో పోసుకుని చూస్తాడు. బట్టను వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. మందు విషయంలో మాత్రం అతనికి ఆ అవకాశం లేదు. జ్వరంతో మూలుగుతున్న బిడ్డను ఇంట ఉంచి మందుల దుకాణానికి పరుగెత్తిన తండ్రి, సీసా మీది పేరును నమ్మి డబ్బు చెల్లిస్తాడు. ఆ పేరుకూ లోపలి ద్రవానికీ సంబంధం ఉన్నదో లేదో తెలుసుకునే సాధనం అతని వద్ద లేదు. ఆ నమ్మకాన్ని వమ్ము చేయకుండా ఉండడమే ఔషధవృత్తికి ప్రథమ ధర్మం. మన దేశంలో చట్టం ఆ ధర్మాన్ని విధించడానికి దాదాపు అర్ధశతాబ్దం ముందే, దానిని తనకు తానుగా విధించుకున్న మహనీయుడు ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్. ఆయన జీవితాన్ని ఈ దృష్టితో పరిశీలించడం మన విద్యార్థులకు ఉపయుక్తమని మేము భావిస్తున్నాము.

ప్రఫుల్ల చంద్రుడు 1861 ఆగస్టు 2వ తేదీన, నాటి వంగదేశంలోని రారులి గ్రామంలో జన్మించారు. ఆ గ్రామం నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. తండ్రి హరిశ్చంద్ర రాయ్ పారశీక భాషలో పండితుడు, హాఫిజ్ కవితకు అభిమాని. విద్యకు మతభేదం లేని అటువంటి ఇంటిలో బాలుడు పెరిగాడు. 1874లో తీవ్రమైన జిగట విరేచనాలు అతనిని మంచాన పడవేసి, కొంతకాలం పాఠశాలకు దూరం చేశాయి. నాడు చెడిన జీర్ణశక్తి ఆయనను జీవితాంతం బాధిస్తూనే ఉన్నది. రోగి వేదన ఆయనకు గ్రంథాలలో చదివి తెలుసుకున్న విషయం కాదు.

1882లో గిల్‌క్రిస్ట్ విద్యార్థివేతనం పొంది ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 1887లో డి.ఎస్సీ. పట్టం గ్రహించారు. స్వదేశానికి తిరిగివచ్చి, 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతంపై అధ్యాపకులుగా చేరారు. అంతటి విద్వాంసుడు ఆ తొలి సంవత్సరాలలో చేపట్టిన పరిశోధనలలో ఒకటి నేతికీ, ఆవనూనెకూ సంబంధించినది కావడం గమనార్హం. కల్తీని పట్టుకోవాలంటే ముందుగా కల్తీ లేని వస్తువు ఎట్లుండునో తెలియవలెను. అందుకై ఆయన తమ ఎదుట పితికిన పాలనుండి వెన్న తీయించారు; తమ పర్యవేక్షణలో ఆవాలు గానుగ ఆడించారు. ఆ శుద్ధ పదార్థాల గుణాలను కొలిచి, వాటితో బజారు సరుకును పోల్చారు. ఆ ఫలితాలు 1894లో ప్రకటితమయ్యాయి. ప్రమాణం అనే మాటకు అర్థం ఇదే. ముందు కొలబద్దను సిద్ధం చేసుకోవాలి; తరువాతనే తప్పు ఎంచాలి.

ఆ రోజులలో మన వనమూలికలు ఓడలెక్కి విదేశాలకు పోయి, సీసాలలో మందులై తిరిగి వచ్చేవి. పట్టభద్రులైన యువకులు గుమాస్తా ఉద్యోగాల కోసం పడిగాపులు పడేవారు. ఈ రెండింటికీ విరుగుడుగా 1892లో, వేయి రూపాయలకు లోపు పెట్టుబడితో, అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని తమ అద్దె ఇంటిలోనే ఆయన బెంగాల్ కెమికల్ సంస్థకు అంకురార్పణ చేశారు. పగలు కళాశాలలో పాఠం, సాయంకాలం ఇంటి వద్ద మందుల తయారీ.

కష్టాలు తక్కువైనవి కావు. సోడియం ఫాస్ఫేటు తయారు చేయడానికి కసాయి దుకాణాలనుండి ఎముకలు తెప్పించి మిద్దెపై ఎండబెట్టారు. అకాలవర్షం కురిసి అవి కుళ్లి పురుగులు పట్టాయి. ఇరుగుపొరుగువారు దుర్గంధం భరించలేక తిరగబడ్డారు. వాటిని మాణిక్‌తలాకు తరలించి రాత్రివేళ కాల్పించగా, హత్య చేసిన శవాన్ని దహనం చేస్తున్నారన్న అనుమానంతో పోలీసు జవాను వచ్చిపడ్డాడు! ఆ బూడిదనుండే, బ్రిటిష్ ఫార్మకోపియా ప్రమాణానికి తగిన స్వచ్ఛమైన లవణం చివరకు తయారైంది. మూలపదార్థం ఎంత హేయమైనదైనా, శోధన సక్రమమైతే ఫలితం నిర్మలంగా ఉంటుందని ఈ ఉదంతం చాటుతున్నది.

మందు సిద్ధమైనా దుకాణదారులు కొనడానికి జంకారు. విదేశీ పేరున్న సీసానే జనం అడుగుతారని వారి వాదన. ప్రఫుల్ల చంద్రుడు దేశభక్తిని అడ్డం పెట్టుకుని నాసిరకం సరుకు అంటగట్టలేదు. విదేశీ మందుకు తీసిపోని మందునే ఎదుట పెట్టారు. మిత్రుడు డాక్టర్ అమూల్య చరణ్ బోస్ తోటి వైద్యులను ఒప్పించి ఆ మందులు వ్రాయించేవారు. వాము నీరు, అడ్డసరం, నేలవేము, కొడిశపాల వంటి దేశీయ ఔషధాలు కూడా నిర్ణీత పద్ధతిలో తయారై వైద్యుల చేతికి అందాయి. కాని ఈ కృషి ప్రాణాలను కూడా కోరింది. తోడుగా చేరిన ఒక యువ రసాయనవేత్త ప్రమాదవశాత్తు హైడ్రోసయనిక్ ఆమ్లానికి బలి అయ్యాడు. 1898లో అమూల్య చరణ్ ప్లేగు వాతబడ్డారు. ప్రఫుల్ల చంద్రుడు ఆ దుఃఖాన్ని దిగమ్రింగి పనిని కొనసాగించారు. 1901లో సంస్థ లిమిటెడ్ కంపెనీగా రూపొందింది.

ఆయన వివాహం చేసుకోలేదు. 1916లో కలకత్తా విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలకు ఆచార్యులై, అక్కడి ఒక గదిలోనే నిరాడంబరంగా నివసించారు. 60 ఏళ్లు నిండిన తరువాత తమ జీతాన్ని విశ్వవిద్యాలయానికే విడిచిపెట్టారు. నకిలీ మందుల బెడదపై ప్రభుత్వం 1930లో కర్నల్ రామనాథ్ చోప్రా అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది. 1940లో ఔషధ చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని కన్నులారా చూసిన ప్రఫుల్ల చంద్రుడు 1944 జూన్ 16న కన్నుమూశారు.

నేడు ప్రతి మందుల దుకాణానికీ లైసెన్సు, నమోదైన ఫార్మసిస్టు, సీసాపై బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ తప్పనిసరి. అయినను 1986లో బొంబాయిలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, విషపదార్థం కలిసిన గ్లిజరిన్ త్రాగించబడి 14 మంది రోగులు మరణించారు. చట్టం పుస్తకంలో ఉన్నది. లేనిది పరీక్షించి చూసే చేయి. చట్టమే లేని రోజులలో నేతిని పరీక్షించడానికి పాలు పితికించడం దగ్గరనుండి మొదలుపెట్టిన వ్యక్తి చరిత్ర అందువల్లనే ఇప్పటికీ పాతబడలేదు.

మన విద్యార్థులలో కొందరు రేపు మందుల దుకాణాలలో కూర్చుంటారు; మరికొందరు కర్మాగారాలలో, ప్రయోగశాలలలో పనిచేస్తారు. గడువు తీరిన పెట్టెను బల్లపైనుండి తొలగించడం, చల్లగా ఉంచవలసిన మందును చల్లగానే ఉంచడం, వైద్యుని చీటీ అర్థం కానప్పుడు ఊహించక తిరిగి అడగడం, ఇవి చిన్న పనులుగా తోచవచ్చు. సీసా మీది పేరును నమ్మి డబ్బు చెల్లించే ఆ తండ్రికి మాత్రం ఇంతకు మించిన రక్షణ వేరొకటి లేదని మా విశ్వాసం.